బెల్లు లేని సైకిల్

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పేదాంట్లో సగం కోసేసి మిగతాది నమ్మండి. మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరండూల్ లైన్లో రైల్వే పనికొచ్చాడు. నాకు ఆస్తి ఏమీ ఇవ్వలేదు గాని, గూడ్సుబండంత నోరిచ్చాడు. ఇనుప గనుల ఊరు మా బచేలిలో ఎర్రదుమ్ము ఎంతంటే, తెల్లపిల్లి ఈనితే మూడోరోజుకల్లా పిల్లలన్నీ ఎర్రవైపోతాయి.

అలాంటి ఊళ్లో నేను బోర్డులు రాసేవాణ్ణి. హిందీలో ఓ పక్క, తెలుగులో ఓ పక్క. నేను రాసిన ‘అ’ చూడ్డానికి జగదల్‌పూర్ నుంచి జనం బస్సులెక్కి వచ్చేవారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఒక్క మధ్యాహ్నంలో నా పని ఊడ్చిపెట్టుకుపోయింది. సరే, రెండేళ్లు పట్టింది. ముప్పై దాటిన మనిషిని, కుంచెలు కిరసనాయిల్లో వేసుకుని వాటి మొహం చూస్తూ కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు మామ. చుట్టరికం ఏమీ లేదు. తెలుగు సరిహద్దున ఉన్న కొంటా వైపు మనిషి, మా టౌన్‌షిప్ పక్క పల్లెకు ఇల్లరికం వచ్చిన రైతు. సంతకొచ్చినప్పుడల్లా నా బోర్డుల ముందు నిలబడి పోయేవాడు. ఇక్కడి పల్లెల్లో మనిషి పోతే దారి పక్కన రాయి నిలబెట్టి, ఆ మనిషికి ఉన్నవన్నీ దానిమీద బొమ్మలు వేయిస్తారు: ఎడ్లు, కోడిపుంజు, రేడియో. పొలం పని లేని రోజుల్లో ఆ బొమ్మలు వేసేది మామే.

“ఏందిరా, చేతులు ముడుసుకుని కూసున్నవ్?”

“పని లేదు మావా.”

“సచ్చిపోయినోళ్లు ఫ్లెక్సీ అడగరు. నడువ్.”

నా మొదటి రాయి ఓ ముసలమ్మది. ఇంటివాళ్లు రెండు మేకలన్నారు. నేను ఇరవై వేశాను. ఖాళీ మిగిలితే ఓ నెమలి కూడా. ఆమె కొడుకు వచ్చి లెక్కపెట్టి, ఇక్కడి హల్బీ భాషలో గట్టిగా ఏదో అన్నాడు. మామ తెలుగులో వినిపించాడు: “తక్కిన మేకలు ఎవలియని అడుగుతుండు. పక్కూరోళ్లు సూస్తే దొంగతనం అంటగడతరంట.” నా చేతే, కిరసనాయిలు గుడ్డతో, పద్దెనిమిది మేకల్నీ తుడిపించాడు. నెమలినీ వదల్లేదు.

“బతికున్నోళ్ల మీద ఎన్ని కోతలన్న కొయ్యి,” అన్నాడు. “కాదని మొకం మీదనే అంటరు. పోయినోళ్లు అనలేరు గదరా.”

పదిహేనేళ్లు అతని సైకిలు వెనక తిరిగాను. ఆ సైకిలుకు బెల్లు లేదు. “జరుగు, జరుగు!” అని అరిచేవాడు. ఆ కేకకు ఆవులు తప్పుకునేవి, ఖనిజం లారీలు తప్పుకునేవి, ఎదురుగా కొండ కూడా కాస్త జరిగినట్టే ఉండేది.

మామకు జబ్బు చేసి మా ఊరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వెళ్లి, చెయ్యి పట్టుకుని చెప్పాను: “నువ్వు రాకపోతే నేనేటైపోదునో మావా.” మామ కళ్లు తెరిచి, “తెలుసురా. దీంట్ల సగం కోసేస్త,” అని నవ్వాడు.

అతను పోయాక కుంచె ముట్టలేదు. ఎనిమిది నెలల్లో కుంచెలు ఎండి పళ్లుతోముకునే పుల్లల్లా అయ్యాయి. అత్త రాయి నిలబెట్టించి కబురు పంపింది. వెళ్లలేదు. రెండోసారి ఫోన్ చేసింది.

“అల్లుడా, వానలు పడకముందు నువ్వొచ్చి ఏస్తవా, లేకుంటే ఆయన ఫొటో ఫ్లెక్సీ కొట్టించి ఆ రాయికి కట్టెయ్యాల్నా?”

ఆ దెబ్బకు కొత్త కుంచెలు కొనుక్కుని వెళ్లాను. అత్త ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. ఎడ్లు రెండు. గొడ్డలి. తాటిచెట్టు. ఓ ఎద్దు కొమ్ము వంకరపోయింది. “ఆ ఎడమదానికి వంకరే ఉండె,” అంది. చివరికి సైకిలు. హ్యాండిల్ మీద, వెండిరంగులో, గుమ్మడికాయంత బెల్లు పెట్టాను. మామకు ఏదైనా ఇవ్వాలనిపించింది.

“గా బెల్లెక్కడిది?”

“ఉండనీ అత్తా. బాగుంది కదా.”

“బెల్లుంటే మరి ఆయన అరుసుడెందుకు?”

గుడ్డ కిరసనాయిల్లో ముంచి తుడిచాను. పూర్తిగా పోలేదు; హ్యాండిల్ మీద తెల్లటి మరక మిగిలింది. అత్త దగ్గరికొచ్చి చూసి, ఉండనీలే అంది. పక్క ఊళ్లో ఇంకో రాయి ఉందని, ఎల్లుండి రమ్మన్నారని కూడా చెప్పింది. వెళ్లాను. ఇప్పుడూ వెళుతూనే ఉన్నాను. దారిలో వెనక సైకిలు బెల్లు మోగితే మాత్రం తప్పుకోను. ఎవరైనా అరుస్తారేమోనని చూస్తాను.

ఇక కోసెయ్యాల్సిన సగం. పిల్లుల సంగతి మీకు ముందే తెలుసు. ఆసుపత్రి ముక్క నేను కల్పించింది. నేను వెళ్లలేదు. ఎల్లుండి వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకున్నాను. ఆ మాట మామకు చెప్పనూ లేదు, మామ నవ్వనూ లేదు.

ఆసుపత్రి మా ఇంటి నుంచి నడిచి పది నిమిషాలు. అది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.