తాళాలు అప్పగించిన అర్చకుడు

శ్రీరస్తు. వాగ్దేవికి నమస్కరించి, రాక్షస నామ సంవత్సర కార్తిక శుద్ధ ఏకాదశినాడు మా పటాన్‌చెరు అర్చకస్వామిని స్మరిస్తున్నాను. ఎవరేమడిగినా ఆయన కాసేపు కన్నులు మూసుకొని, నిజమని తోచిన మాటే చెప్పేవారు.

ఒకనాడు దేవునిపై నమ్మకం పోయిందంటూ నా ఎదుటనే ధర్మకర్తయైన వర్తకునికి గుడి తాళాలు అప్పగించారు. గుడి విడిస్తే ఆయనకు ఇల్లూ జీవనమూ రెండూ పోతాయి.

"నమ్మకం లేకుంటేంది అయ్యగారూ! గంట కొట్టుండ్రి, హారతియ్యుండ్రి. మీ మనసుల ఏమున్నదో ఎవలు చూడొచ్చిండ్రు?" అన్నాడు వర్తకుడు.

అయ్యగారు కన్నులు మూసి తెరిచారు. "దేవుడుంటే ఈ అబద్ధాన్ని మన్నిస్తుండె సేఠూ. ఇప్పుడు మన్నించేటోడు ఎవడున్నడు?"

పరమ ఆస్తికుడనైన నేను ఆ నాస్తికునికి అప్రయత్నంగా చేతులు జోడించాను.

1972 ఫిబ్రవరిలో ఆయన గుడియిల్లు ఖాళీ చేసి, సంగారెడ్డి దారిలోని ఒక కార్ఖానాలో కూలికి చేరారు.