పిడికెడు బియ్యం డబ్బా

పండక్కి ముందే గుళ్లో చేసే సెమీ క్రిస్మస్ మాట వింటేనే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. కిందటేడాది మా బందరు గుళ్లో జరిగిన దాని తర్వాత మరీను. అందులో నా పాపం కూడా ఉంది, అందుకే ఇంత మంట.

నా చిన్నప్పుడు మేం దివిసీమలో ఉండేవాళ్లం. చిన్న వయసులోనే మొగుడు పోయిన మా మేనత్త కూడా మాతోనే ఉండేది. పొద్దున్నే బియ్యం కడగబోయే ముందు, కొలిచిన వాటిలోంచి ఒక పిడికెడు తీసి రేకు డబ్బాలో పోసేది. మా గుడికొచ్చే ప్రతి ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉండేది. ఆదివారం ఆ బియ్యం తీసుకెళ్లి గుడి వెనకాల గోనెసంచిలో పోసేవాళ్లం. లావు బియ్యం, సన్న బియ్యం, ముక్కిపోయిన బియ్యం అన్నీ అందులో కలిసిపోయేవి. క్రిస్మస్ ముందు పాస్టరమ్మగారు ఆ సంచి విప్పించి, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ల గుమ్మాల్లో తెల్లారేసరికి మూటలు పెట్టించేవారు. ఎవరిచ్చారో తెలీదు, ఎవరికి అందిందో తెలీదు. వరి నీట మునిగిన ఏడాది మా గుమ్మంలోనూ ఒక మూట ఉందట. ఆ సంగతి నాకు పెళ్లయ్యాక గానీ అత్తయ్య చెప్పలేదు. ఆ ఏడాది కూడా నేను డబ్బా పట్టుకుని దర్జాగా గుడికి వెళ్లాను మరి!

ఇప్పుడు సండే స్కూల్లో పిల్లలకి క్రిస్మస్ కానుకల కథ నేనే చెబుతాను. జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చి పసిబిడ్డ ముందు పెట్టి వాళ్ల దారిన వాళ్లు వెళ్లిపోయారు. చాలాకాలం తర్వాత ఎక్కడో ఒక బిషప్పుగారు, ఇల్లు గడవని వాళ్ల కిటికీలోంచి నాణేలు జారవిడిచి, ఎవరి కంటా పడకుండా తప్పుకునేవారట. ఆయనే పోనుపోను ఎర్రటోపీ తాత అయ్యాడంటారు. ఎంత అన్యాయమో చూడండి! దాక్కుని ఇచ్చిన మనిషిని తీసుకొచ్చి షాపు గుమ్మంలో నిలబెట్టి గంట వాయించమన్నారు. గుడివాడలో ఒక బట్టల షాపు ముందు చూశాను. మధ్యాహ్నం ఎండలో ఆ ఎర్రకోటు తగిలించుకుని, చెమటలు కక్కుతూ డిస్కౌంటు కాగితాలు పంచుతున్నాడు పాపం.

మా సండే స్కూలు మాత్రం తక్కువ తిందా? క్రిస్మస్ ఫ్రెండ్ అని చీటీలు తీయించి, పేరొచ్చిన వాళ్లకి ఫలానా రేటుకి తగ్గకుండా గిఫ్టు తేవాలని రూలు పెట్టారు. హాస్టల్లో ఉండే బంటుమిల్లి పిల్ల ఒకత్తి, పాత చీరముక్కతో తనే పర్సు కుట్టి ఇచ్చింది. తీసుకున్న పిల్ల తల్లి నా దగ్గరకొచ్చి, "ప్యాకింగ్ కూడా లేదేంటండీ?" అంది. ఆరాధన మొదలైంది కాబట్టి బతికిపోయింది గానీ, ఆ రోజు ఆవిడకి నా చేతిలో మూడేది.

ఇంత నోరున్న నేను ఏం నిర్వాకం చేశానో వినండి. ఆ గుడివాడ షాపాయనే మా గుడికి వితంతువుల కోసం చీరలిస్తానన్నాడు. స్టేజీ మీద ఆయన ఫ్లెక్సీ కట్టాలి, ఒక్కొక్కరినీ పిలిచి ఇస్తుంటే ఫోటోలు తీయాలి. లిస్టు రాసే పని నాకు అప్పజెప్పారు. చివర్లో ఒక పేరు తక్కువైతే మా మేనత్త పేరు రాసి పడేశాను. ఆవిడ ఇప్పుడు బందరు పక్కనే గిలకలదిండిలో గది అద్దెకి తీసుకుని ఎండుచేపలు అమ్ముకుంటోంది. మా ఇంట్లో ఉండమంటే ఉండదు. కొత్త చీర వస్తుంది కదా, మంచిదే అనుకున్నాను. ఒక్క మాట ఆవిడతో చెప్పాలని కూడా నా బుర్రకి తట్టలేదు.

సెమీ క్రిస్మస్ సాయంత్రం అత్తయ్య ఎప్పట్లాగే రేకు డబ్బాతో వచ్చింది. బందరులో ఈ అలవాటు మానని మనిషి ఆవిడొక్కతే. ఈ గుడి వెనకా ఉండే గోనెసంచిని ఆ ఏడాదే ఏసీలు పెడుతూ తీసేశారు. అదీ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందరిలోకీ పెద్దావిడని మైకులో మొట్టమొదట ఆవిడ పేరే పిలిచారు. గుళ్లో కోతల పండక్కి అలా పేరు పిలిస్తే కానుక పట్టుకుని ముందుకెళ్లడం అలవాటు. ఆవిడకి చదువు రాదు, ఫ్లెక్సీ మీద 'నిరుపేద వితంతువులకు' అని ఉందని తెలీదు. కొంగు సర్దుకుని, నవ్వుకుంటూ, డబ్బా రెండు చేతులతో పట్టుకుని స్టేజీ ఎక్కింది. షాపాయనకి ఆ డబ్బా అందించబోయింది.

"అమ్మా, అది పక్కన పెట్టండి, ఫోటోకి అడ్డొస్తోంది" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఎవరో ఆ డబ్బా లాగి స్టేజీ కిందకి తోశారు. షాపాయన చీర కవరు మీద షాపు పేరు కనబడేట్టు తిప్పి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఇదెందుకండీ నాకు?" అంది.

"లిస్టులో మీ పేరుందమ్మా. ఇటు చూడండి, ఇటు!"

అత్తయ్య అటు చూడలేదు. లిస్టు పట్టుకుని ముందు వరసలో కూర్చున్న నన్ను చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ బయట చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే పరిగెత్తాను. "అత్తయ్యా, మంచికే అనుకున్నాను" అన్నాను. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇన్నేళ్లూ ఇచ్చేవాళ్లలో ఉన్నానే. నన్నందులోంచి తీసేశావా అమ్మాయ్?" అని, చెప్పులు విడిచి మళ్లీ లోపలికెళ్లి, స్టేజీ కింద నుంచి డబ్బా వెతికి తీసుకుని వెళ్లిపోయింది.

క్రిస్మస్ నాడు తెల్లారి తలుపు తీస్తే మా గుమ్మంలో ఒక కవరుంది. దాని మీద గుడివాడ షాపు పేరు. లోపల చీర లేదు, రేషను బియ్యం ఉన్నాయి. ఎవరు పెట్టారో తెలియనట్టే పెట్టి వెళ్లింది. ఆవిడ లిస్టులో ఇబ్బందుల్లో ఉన్న ఇల్లు నాదే అన్నమాట.

పండగ పూట ఆ బియ్యమే వండాను. కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాను. తీసుకెళ్లి పోయడానికి గుళ్లో సంచి లేదు.