తమ్ముడికి అన్నం పెట్టిన తీరు

మొన్న మా పక్కింట్లో కిరాయికుండే అమ్మాయి తన నాలుగేళ్ల కూతురిని కోదాడలో వికలాంగ పిల్లల కోసం పెట్టిన కేంద్రానికి తీసుకుపోతూ తోడు రమ్మంటే వెళ్లాను. ఆ పిల్లకు మెడ నిలవదు, చూపు ఆనదు, మూర్ఛలు వస్తుంటాయి. అక్కడ వ్యాయామం చేయించే చిన్న వయసు మేడమ్ ఒకామె పిల్లను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గదుమ కొంచెం కిందికి వంచి, మెత్తటి అన్నం చెంచాతో కొద్దికొద్దిగా పెడుతూ, "పండబెట్టి పెట్టొద్దమ్మా, మెతుకు ఊపిరితిత్తులల్లకు పోతది. మాటిమాటికి దగ్గు, జరం అందుకే వస్తున్నయ్" అని తల్లికి చూపించింది. నేనా గదిలో ఉండలేక బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

నాకొక తమ్ముడుండేవాడు. అచ్చం ఆ పిల్లలాగే. మాది గరిడేపల్లి దగ్గర పల్లె. నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు, అమ్మ నాట్లకూ కలుపులకూ పోయేది. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే అమ్మ వాణ్ణి ఒళ్లో వెల్లకిలా పండబెట్టుకొని, పప్పుచారు కలిపి పిసికిన అన్నం వేలితో నోట్లో పెట్టేది. వాడికి అమ్మ గొంతు తెలుసు, వినగానే నవ్వేవాడు, ఆ నవ్వులోనే పొలమారేది. వీపు నిమిరి మళ్లీ పెట్టేది. ఊళ్లో పసిపిల్లలకు అందరూ అట్లాగే పెట్టేవారు, అందులో తప్పుందని ఎవరికి తెలుసు?

వాణ్ణి ఎత్తుకొని అమ్మ ఎన్ని దవాఖానలు తిరిగిందో. సంచి పట్టుకొని నేను వెంట నడిచేదాన్ని. మిర్యాలగూడలో మూర్ఛకు గోళీలు రాసిచ్చి, కాళ్ల సంగతి సూర్యాపేటలో అడగమన్నారు. సూర్యాపేటలో, చూపు లేని పిల్లవాడికి నడకెట్లా నేర్పుతాం, ముందు కండ్లు చూపించుకు రమ్మన్నారు. కోదాడలో కండ్ల డాక్టరు టార్చి వేసి చూసి, కండ్లు బాగానే ఉన్నాయి, లోపం మెదడులో ఉంది, అది తన పని కాదన్నాడు. ఎవరూ కసురుకోలేదు, వాళ్లు చెడ్డవాళ్లూ కారు. కానీ ఈ పిల్లవాడు అన్నం ఎట్లా తింటున్నాడని మాత్రం ఒక్కరూ అడగలేదు. బస్సు దిగినప్పుడల్లా అమ్మ వాడి మొహం తుడిచి, "ఇగ ఈడ అయితది బిడ్డా" అనేది, నాతోనో వాడితోనో.

ఆ ఏడాది ముసురు రోజుల్లో వాడికి దగ్గు తగ్గనే లేదు. డొక్కలెగరేస్తుంటే మిర్యాలగూడ బస్సెక్కాం. దారిలో ఎక్కడో వాడి గొంతులో గురగుర ఆగింది. నిద్రపట్టిందనుకొని నేను సంతోషించాను. అమ్మ కొంగు తీసి వాడి మొహం మీద కప్పి, నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "సప్పుడు జెయ్యకు. తెలిస్తే నడిదారిల దించుతరు. నాయిన కాడికి పోదాం" అంది. పిలగానికి ఎట్లున్నదని కండక్టరు అడిగితే, "పండిండన్నా" అంది. మిల్లు గేటు దగ్గర నాయిన ఒంటినిండా ఊకదుమ్ముతోనే వచ్చి వాణ్ణి అందుకున్నాడు.

అమ్మకిప్పుడు తొంభై దగ్గరపడుతున్నాయి. ఎవరైనా పిల్లల జబ్బుల మాటెత్తితే చాలు, "ఏం జేస్తే బతికేటోడో ఒక్కలన్న జెప్పలే" అంటుంది.

చెప్పేవాళ్లు ఇప్పుడు వచ్చారు. కండ్లూ కాళ్లూ మూర్ఛా అన్నీ ఒకే పిల్లవాడివని గుర్తుపెట్టుకొని చూసేవాళ్లు వచ్చారు, అదీ వారానికొక్క రోజే. ఆటో దొరక్క ఆలస్యమైన నడిగూడెం తల్లి ఒకామె, మా పిల్లను చూడటం కాగానే మేడమ్ వెళ్లిపోయిందని తెలిసి, ఎదిగిన కొడుకును ఎత్తుకొని అట్లాగే వెనక్కి తిరగడం ఆ మెట్ల మీద నుంచే చూశాను.

ఇంటికి రాగానే అమ్మ ఆ పిల్లకు ఏం చేశారని అడిగింది. కాళ్లకు వ్యాయామం చేయించారన్నాను. మంచిగైందని సంతోషపడింది. పండబెట్టి పెట్టొద్దన్న మేడమ్ నాలుగు మాటలు ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే తమ్ముడు ఉండేవాడేమో. ఇన్నేళ్లూ ఆమె అడుగుతున్నదానికి జవాబు ఇప్పుడు నా దగ్గరుంది, కానీ ఆమెకు ఎన్నడూ చెప్పను.