రత్నమ్మక్క అంగట్లో చదివిన కథ

మొన్న కర్నూలు బజారులో నడుస్తుంటే ఏదో కిరాణా అంగడిలోంచి ఇంగువ, ఎండుమిరప కలిసిన ఘాటు ముక్కుకు తగిలింది. తుమ్ముతో పాటే రత్నమ్మక్క గుర్తొచ్చింది. కోడుమూరులో ఆమె అంగడి వాసన అచ్చం అదే.

నేను మగ్గం నేసే ఇంటి పిల్లను. ఇంటర్ తప్పి, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతూ, ఎవరికీ చూపని కథలు నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. రత్నమ్మక్క చిన్నవయసులోనే భర్త పోయినా ఒక్కతే అంగడి నడిపేది. బేరాల మధ్య ఖాళీ దొరికితే ఒళ్లో అట్ట పెట్టుకుని కథలు రాసేది. కొన్ని పత్రికల్లో కూడా వచ్చాయి. రెండు వేల నాలుగు ఎండాకాలంలో ధైర్యం చేసి నా కథ ఒకటి ఆమె చేతికిచ్చాను. చదువుతూ చదువుతూ మా అమ్మ మాట్లాడే చోట ఆగింది.

“మీయమ్మ ఇంట్లో ఇట్లనే మాట్లాడుతుందా పాపా? రేడియోలో వార్తలు చదివినట్టుండాది,” అంది.

ఇంటికి పోయి అమ్మ మాటలన్నీ తిరగరాశాను. మూడోసారికి గాని రత్నమ్మక్క తల ఊపలేదు.

ఆ ఏడే ఆమె కథ ఒకటి గొడవ తెచ్చింది. పందొమ్మిదేళ్లకే భర్త పోయిన కోడలిని ఒక వర్తకుల ఇంట్లో వంటగది దాటనివ్వకపోవడం ఆ కథ. పేర్లు మార్చినా అది ఎవరిల్లో ఊరికి తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం నేను సబ్బు కొంటుండగా కులపెద్దలు నలుగురు అంగడికి వచ్చారు. తప్పయిందని పత్రికకు ఉత్తరం రాయమన్నారు. రత్నమ్మక్క వాళ్లకు స్టూళ్లు వేసి, మంచినీళ్లిచ్చి, పత్రిక తీసి కథంతా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. సరుకులకు వచ్చినవాళ్లు కదలకుండా విన్నారు.

“దీంట్లో అబద్ధం యాడుండాదో చూపించండప్పా, ఈడనే కొట్టేస్తా,” అంది.

పత్రిక ఎవరూ చేతికి తీసుకోలేదు. ఆఖరికి వాళ్లలో పెద్దాయన, ఆ కోడలి మామే, ఇంటి సంగతి రాసే హక్కు నీకెవరిచ్చారని అడిగాడు.

“నేనూ అట్లాంటి వంటింట్లో ఆరేండ్లుండినదాన్నే కదప్పా.”

ఆ తర్వాత వాళ్ల ఇళ్ల పెళ్లిళ్లకు ఆమెకు పిలుపు రాలేదు. సగం బేరాలు ఎదురంగడికి పోయాయి. ఆమె మాత్రం ఒక్క పూట కూడా తలుపు వేయలేదు, రాయడం మానలేదు.

కథలోని ఆ కోడలు పిల్లకు ఇంట్లో ఇంకా కష్టమవుతుందేమోనని నేను భయపడితే, రత్నమ్మక్క నెమ్మదిగా చెప్పింది. “పత్రికకు పంపకముందే వాళ్ల వంటింటి కిటికీ కాడ నిలబడి ఆ పాపకు చదివి వినిపించినా. నేను మెత్తగా రాసిన చోట, ఇట్ల కాదక్కా జరిగింది అని అదే సరిచేసింది.” రెండేళ్లకు ఆ అమ్మాయి కుట్టుపని నేర్చుకోవడానికి కర్నూలు చేరింది. కథ వల్లేనని నేను చెప్పలేను.

రత్నమ్మక్క తల ఊపిన నా మొదటి కథను పత్రికకు పంపితే, ఒక సంపాదకుడు అమ్మ మాటల్ని పుస్తకాల భాషలోకి మారిస్తే వేసుకుంటామని రాశాడు. మార్చనని కార్డు ముక్క రాశాను. కథ తిరిగొచ్చింది. ఏడాదికి వేరే పత్రికలో అక్షరం పోకుండా అచ్చయింది. రత్నమ్మక్క పోయి ఇప్పటికి ఐదేళ్లు. ఈనాటికీ కథ రాస్తే, అది ఎవరి బతుకో వాళ్లకు ముందు చదివి వినిపిస్తాను. వాళ్లు కాదన్నది తీసేస్తాను. తక్కినవాళ్లు తీసేయమన్నది అట్లే ఉంచుతాను. అందుకే కొందరు బంధువులు మా ఇంటి గడప తొక్కరు. తొక్కకపోతే పోనీ.