అంతా సెట్

మా పుప్పాలగూడలో భూముల బ్రోకర్ ఒకాయన ఉండేవాడు. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. మా చెలకలు అమ్మమని ఇల్లిల్లూ తిరిగేవాడు. అన్నిటికీ ఆయన దగ్గర ఒకటే మాట, సెట్. చాయ్‌లో చక్కెర సరిపోతే సెట్. చెడిన మోటరు మళ్లీ తిరిగితే సెట్. పిల్లకు సంబంధం కుదిరినా, మొండికేసినవాడు దారికొచ్చినా సెట్టే.

ఎవరి జాగా మీద కన్ను పడితే అక్కడ, వాళ్లు ఒప్పుకోకముందే, సున్నం పూసిన రాయి పాతించేవాడు. పక్కింటి పెద్దాయన తన చెలకలో రాయి పీకి రోడ్డు మీద పారేశాడు. బ్రోకర్‌కు కోపం రాలేదు. మా అరుగు మీద కూర్చుని, చాయ్ ఊదుకుంటూ నాన్నతో అన్నాడు:

"ఫికర్ చెయ్యకు అన్నా. జర ఆగు, సెట్ అయితడు."

వారం తిరగకముందే పెద్దాయన బోరుబావిని ఎవరో కంకరతో నింపేశారు. ఆయనే బ్రోకర్‌కు కబురు పంపి సంతకం పెట్టాడు.

తర్వాత ఒక పొద్దున అమ్మ చీపురు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. మా వాకిలి మధ్యలో తెల్లరాయి. సున్నం ఇంకా ఆరలేదు.

"పీకుదామా నాయినా?" అన్నాను.

"నువ్వు లోపలికి నడువు బిడ్డా," అన్నాడు నాన్న.

రోజూ వాకిలి నిండా వేసే ముగ్గును అమ్మ ఆ రోజు రాయికి ఇవతలే ఆపేసింది.

కాసేపటికి బ్రోకర్ స్కూటర్ మీద వచ్చాడు. రాయిని చూడలేదు, ముగ్గును చూశాడు. తలూపి వెళ్లిపోయాడు. ఆ మాట అనాల్సిన పని కూడా పడలేదు ఆయనకు.