ఫర్వానియాలో ఆగిపోయిన వాచీ

మొన్న కువైటులో ఒక మాల్‌లో జపాను వాచీల అద్దాల బీరువా ముందు నిలబడితే, సేల్స్ అమ్మాయి గుడ్డ మీద స్పిరిటు చల్లి అద్దం తుడుస్తూ, ఈ వాచీ వెలుతురుతోనే నడుస్తుందని, ఏ దేశంలో దిగితే ఆ దేశపు టైమును ఉపగ్రహం నుంచి తీసుకుని తనే దిద్దుకుంటుందని చెప్పుకుపోతోంది. అంతా విని నేను అడిగిన మొదటి మాట, ఇది ఒరిజినలేనా అని. కంపెనీ సొంత షోరూములో ఆ మాట ఎవరూ అడగరేమో, పాపం ముఖం మాడ్చుకుంది. నేనేం చెయ్యను, మా ఇంట్లో పాలు తాగడం కంటే ముందు పాల డబ్బా సీలు చూడడం నేర్పారు. స్పిరిటు వాసన ముక్కుకు తగిలేసరికి, పెట్రోలూ ఇనుమూ కలిసి కొట్టే ఇంకో వాసన గుర్తొచ్చి, మస్తాన్ మామ బల్ల ముందు పదేళ్ల పిల్లనై నిలబడ్డాను.

అప్పట్లో మేముండేది ఇక్కడే, ఫర్వానియాలో, ఆసుపత్రికి రెండు సందుల అవతల నాలుగో అంతస్తులో. అమ్మ ఆ ఆసుపత్రిలో నర్సు, నాన్న ఒక చిన్న కంపెనీలో ఏసీ మెకానిక్కు, మాది రాజోలు వైపు. నా చిన్నతనమంటే జనవరి పొగమంచులో మఫ్లరు చుట్టుకుని స్కూలు వ్యాను కోసం ఎదురుచూడడం, మే నెల వస్తే చన్నీళ్ల కుళాయిలో సలసల కాగిన నీళ్లొస్తుంటే గీజరు ఆపేసి అందులో చల్లారిన నీళ్లతో స్నానం చెయ్యడం, దుమ్ము లేచిన రోజున తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కడం, పార్కింగులో కార్ల మధ్య ఏడుపెంకులాట ఆడి ఎవరి అద్దానికో బంతి తగిలితే చెప్పులు వదిలేసి పరిగెత్తడం. రంజాను నెల మధ్యలో మెడలో సంచులు వేసుకుని మిఠాయిల కోసం తిరిగే అరబ్బు పిల్లల వెనక మేమూ తిరిగేవాళ్లం. క్రిస్మస్‌కు అమ్మా, ఆమె తోటి నర్సు ఆంటీలూ పొగ అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టి, కిటికీలన్నీ మూసి అరిసెలు వండేవారు. ఆ బెల్లం పాకం వాసన పరదాలకు పట్టి కొత్త సంవత్సరం దాకా పోయేది కాదు.

నాన్నకు అన్నిటి మీదా అనుమానమే. ఖర్జూరం పెట్టెలో పైవరసే మంచిదంటాడు, టాక్సీవాడు చుట్టూ తిప్పుతున్నాడంటాడు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం మీద స్టాంపును దీపానికి ఎత్తి చూసి గానీ బీరువాలో పెట్టడు. ఆయన ఒక్కడిదే జబ్బని చెప్పలేను. ఒక పని చెప్పి తీసుకొచ్చి ఇంకో పనిలో పెట్టిన చోట బతికినవాళ్లు కదా, మా బిల్డింగులో మోసపోని మనిషి లేడు. అంత అనుమానపు మనిషీ నమ్మిన వస్తువు ఒక్కటే ఉండేది, కువైటు వచ్చిన కొత్తలో సూకు బజారులో కొనుక్కున్న జపాను వాచీ. స్టీలు గొలుసు, తారీఖు పక్కన వారం పేరు. ఆ పేరు అరబ్బీలో కావాలంటే అరబ్బీలో, ఇంగ్లీషులో కావాలంటే ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు, శుక్రవారం మాత్రం ఎర్రటి అక్షరాల్లో వచ్చేది. బ్యాటరీ లేదు, కీ ఇవ్వనక్కర్లేదు. మనిషి నాడి కొట్టుకుంటున్నంత కాలం ఆ దెబ్బకే నడుస్తుందని నాన్న చెబితే, ఆయన నిద్రపోతుంటే వాచీకి చెవి ఆనించి వినేదాన్ని.

మస్తాన్ మామది రాయచోటి. మా వీధి చివర బకాలా, అంటే చిల్లర కొట్టు, దాని పక్క నడవలో ఒక బల్ల, ఒక లైటు, కంటికి తగిలించుకునే భూతద్దం, అంతే ఆయన దుకాణం. గాజు గిన్నెలో పెట్రోలు పోసి చక్రాలు కడుగుతూ ఆ జపాను కంపెనీ చరిత్రంతా చెప్పేవాడు. టోక్యోలో ఒక కుర్రవాడు గడియారాలు బాగుచేసే కొట్టుతో మొదలుపెట్టాడట, ఆ దేశంలో మొదటి చేతి వాచీ ఆ కంపెనీదేనట. పెద్ద భూకంపం వచ్చి ఊరు తగలబడితే రిపేరుకిచ్చిన జనం వాచీలన్నీ బూడిదయ్యాయట. అప్పుడాయన పేపర్లో ప్రకటన వేసి, ఎవరి వాచీ పోయిందో వచ్చి చెప్పండి, కొత్తది ఇస్తానన్నాడట. తర్వాత కరెంటు పెడితే వణికే రాయి ముక్కను చేతి వాచీలో అందరికంటే ముందు ఇరికించి, స్విట్జర్లాండు వాళ్ల పాత కార్ఖానాలను గడగడలాడించారట. నేను నోరు తెరుచుకుని వింటుంటే నాన్న పక్కనుంచి నన్ను గిల్లేవాడు. ఊరికే కొత్త వాచీ ఎవడిస్తాడు, నిన్ను మాటల్లో పెట్టి చక్రం జేబులో వేసుకుంటాడని ఇంటికొచ్చాక చెప్పేవాడు.

అందుకే మొదటిసారి మూత విప్పించినప్పుడు నాన్న ఒక పని చేశాడు. ఆంటీ ఒకావిడ దగ్గర ఎర్ర గోళ్లరంగు అడిగి తెచ్చి, లోపల తిరిగే రేకు మీద గుండుసూదితో చుక్క పెట్టించాడు. వాచీవాళ్లు అసలు మిషను తీసేసి నకిలీది పెడతారని మా వాళ్లందరికీ భయం, కాబట్టి ఇలాంటి గుర్తులు చాలామంది పెట్టించేవాళ్లు. మస్తాన్ మామ నవ్వకుండా, తనే చెయ్యి వణక్కుండా ఆ చుక్క పెట్టాడు.

నా ఐదో తరగతి వేసవిలో వాచీ వెనకబడడం మొదలుపెట్టింది. మొదట గంట, తర్వాత సగం రోజు, ఆ తర్వాత పూర్తిగా ఆగేది. నాన్న బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. మామ కడిగి, నూనె వేసి, వారం రోజులు తన చేతికే పెట్టుకుని చూసి, సెకను తేడా లేదని ఇచ్చాడు. మా నాన్న చేతికి వచ్చిన మూడో రోజు మళ్లీ ఆగింది. నాన్న నన్ను వెంటపెట్టుకుని వెళ్లి, బకాలా దగ్గర రొట్టె కొనడానికి నిలబడ్డ నలుగురి ముందూ మూత విప్పించాడు. రేకు మీద ఎర్ర చుక్క లేదు.

"ఇది నా వాచీ కాదెహె. నాది ఎక్కడెట్టావో తియ్యి."

పెట్రోలులో కడిగితే గోళ్లరంగు పోతుందని మామ చెప్పాడు. పెట్రోలుకు పోయే రంగైతే నువ్వు ముందే చెప్పాలిగా అని నాన్న అరిచాడు. మామ భూతద్దం తీసేసి నాన్న చేతుల వైపు చాలాసేపు చూశాడు. జనం వైపూ ఒకసారి చూశాడు. చివరికి నాదే పొరపాటు అనుకో అన్నా అని వాచీ తుడిచి ఇచ్చేశాడు. ఆ శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక నాన్న ఈ సంగతి అందరికీ చెప్పాడు. ఆ బల్లకు వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. నెల తిరక్కుండా బల్ల ముందు మనుషులు పలచబడ్డారు.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. రొట్టెలకని వెళ్లినప్పుడు, మార్చావా మామా అని నేరుగా అడిగేశాను. ఆయన కోప్పడలేదు.

"చెయ్యి ఆడితేనే అది ఆడతాది పాపా. చెయ్యి పండుకుంటే అదీ పండుకుంటాది. నాడికీ దానికీ ఏం సమ్మందం లే."

అదేదో వింతలా ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ రొట్టెలు తుంచుతున్నదల్లా ఆగిపోయింది. ఏసీ మెకానిక్కు చేతికి ఎండాకాలంలో ఊపిరాడదు. మేడల మీద ఎక్కి స్పానర్లు తిప్పీ తిప్పీ, గోళ్లలో నలుపు శుక్రవారం సెలవుకీ పోని చేతులవి. ఈమధ్య నాన్న గోళ్లు నా గోళ్లలా శుభ్రంగా ఉంటున్నాయని అమ్మకు అప్పుడు తట్టిందట. నాన్న టిఫిన్ క్యారియరుతో తిరిగొచ్చి కూర్చున్నాక అమ్మ నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, పొద్దుట్నించీ ఈ చెయ్యి ఏం చేసిందండీ?"

కంపెనీ మూసేసి అప్పటికి రెండు నెలలు. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఫోనెత్తడం లేదు. నాన్న రోజూ బస్సెక్కి సబా అల్ సలేం వెళ్లి, ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న స్నేహితుడి గదిలో సాయంత్రం దాకా మంచం మీద కదలకుండా పడుకుని వస్తున్నాడు. ఇఖామా అయిపోతే ఖలాస్, మమ్మల్ని వదిలి ఒక్కడే విమానం ఎక్కాలి. ఆ మాట మాకు చెప్పలేక అలా పడుకున్నాడట. ఆ సాయంత్రం నాన్న ఏడవడం మొదటిసారి చూశాను. ఆయన మీద చాలా జాలేసింది.

అమ్మ ఆసుపత్రిలో వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని, గడువు ముగిసే లోపు ఇంకో కంపెనీకి మార్పించింది. నాన్న మళ్లీ మేడలెక్కాడు, వాచీ మళ్లీ నడిచింది. మస్తాన్ మామ దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పి రమ్మని అమ్మ ఎన్నిసార్లు పోరిందో లెక్కలేదు. రేపు వెళ్తాననేవాడు. ఆ మాట చెబితే ఉద్యోగం పోయిన సంగతీ చెప్పాలిగా. మేం రిగ్గైకి ఇల్లు మారాక ఆ వీధికే వెళ్లలేదు. కంప్రెసరు శబ్దం విని లోపలి జబ్బు చెప్పే మనిషి, వాచీ నాడితో నడుస్తుందని నిజంగా నమ్మాడా, లేక నిందవెయ్యడానికి ఎవరో ఒకరు కావలసి వచ్చారా? ఆ అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు, అడిగే ధైర్యమూ లేదు. మామకు మాత్రం ఆ చేతులు చూడగానే అంతా తెలిసిపోయిందనీ, నలుగురి ముందు నాన్న పరువు తియ్యడం ఇష్టంలేక తన పరువే ఇచ్చుకున్నాడనీ నా నమ్మకం.

మాల్ నుంచి వాచీ కొనకుండానే కారు ఫర్వానియాకు తిప్పాను. మా బిల్డింగు కూల్చేసి ఇంకోటి కట్టారు. నడవలో ఫోను కవర్లు వేలాడుతున్నాయి, పెట్రోలు గిన్నె లేదు, చక్రాల చప్పుడు లేదు, చేతి వాచీ బాగుచేయించుకునే మనిషే వీధి మొత్తంలో కనబడలేదు. బకాలా మాత్రం ఉంది, గల్లా దగ్గర అప్పటి మలయాళీయే, ఇప్పుడు ముసలాయన. ఇక్కడ మస్తాన్ అని వాచీలు బాగుచేసేవాడు ఉండేవాడని హిందీలో అడిగాను. ఆయన గుర్తు తెచ్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆ మిషన్లు మార్చేసేవాడా? జనం రావడం మానేశారు, ఊరెళ్లిపోయాడు."

కొట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఆయన మార్చలేదు. మా నాన్నకి అప్పుడు పని లేదు."

ముసలాయన నా వైపు అయోమయంగా చూసి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు.