అమ్మ చూపు జరిపిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు భయం వేసేది ఒక్కటే, మా అమ్మ బొమ్మ. శ్మశానం పక్కనుంచి మేకల్ని తోలుకొచ్చేదాన్ని, అప్పుడు భయం లేదు. పాము కనిపిస్తే కర్ర వెతికేదాన్ని. నడిమింటి గోడమీద మేకుకి వేలాడే ఆ బొమ్మ ముందు నుంచి నడవాలంటే మాత్రం కాళ్ళు వచ్చేవి కావు.

మా అమ్మ నన్ను కని, పురిటి మంచం దిగకుండానే పోయింది. ఫొటో తీయించుకున్న మనిషి కాదు. ఆ రోజుల్లో ఫొటో అంటే ఆమదాలవలస దాకా నడవాలి, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకోవాలి, అంత సరదా మా ఇళ్ళలో ఎవరికీ లేదు. ఆవిడ పోయాక చీరలు చుట్టాలు పంచుకున్నారు. గిన్నెలు వంటింట్లో కలిసిపోయాయి. ముఖం మాత్రం ఎవరి దగ్గరా మిగల్లేదు.

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా అమ్మాయి కూతురు బొమ్మలు వేస్తుంది. మొన్నామధ్య విజయనగరంలో ఈ పక్క బొమ్మలు వేసేవాళ్ళందరూ కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. నా దగ్గరున్నదాన్ని కూడా పెడతానని మనవరాలు వెంటపడింది.

"అద్దె ఏమిస్తారే?" అన్నాను.

"అద్దేటి అమ్మమ్మా! గౌరవం."

"గౌరవంతోటి గోడకి మేకు కొడతారేటి? ఇరక్కొట్టకుండా తెస్తానంటే పట్టుకెళ్ళు."

పాత పంచె చుట్టి ఇచ్చాను, పంచె కూడా తిరిగి తెమ్మన్నాను. మర్నాడు నన్నూ తీసుకెళ్ళింది. ఇచ్ఛాపురం వైపు ఒడియా కుర్రాడు కాగితపు గుజ్జుతో ముఖాలు చేసి పెట్టాడు. పొందూరు ఆవిడ ఒకతె ఖద్దరు మీద నేతవాళ్ళ చేతులు మాత్రమే వేసింది, ముఖాల్లేవు. కొండమీంచి వచ్చిన సవర పిల్ల వాళ్ళ గోడబొమ్మల్ని గుడ్డమీదకి దించింది. సన్నసన్నగా మనుషులు, గుర్రాలు, చెట్లు. ఎందుకు వేస్తారే ఇవి అని అడిగితే, "సచ్చిపోయినోలకి ఉండడానికి సోటు కావాల కదమ్మా, అందుకు" అంది. నేను తల ఊపాను.

ఆ పిల్లే మా అమ్మ బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడింది. "కంటిగుడ్డు పక్కన తెల్లరంగు మందంగా ఉంది. ఏసినాయన తప్పు దిద్దుకున్నాడేటమ్మా?" అంది. తప్పు కాదు తల్లీ. అంతమందిలో అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ బొమ్మ వేసినాయనది పర్లాకిమిడి వైపు. ఆమదాలవలస స్టేషను దగ్గర చిన్న గదిలో ఉండేవాడు. కొట్లకి తెలుగు బోర్డులు రాసేవాడు, అడిగినవాళ్ళకి ఒడియాలోనూ రాసేవాడు. నాటకాల వాళ్ళకి అడవీ కోటా ఉన్న తెరలు వేసేవాడు. మేం పిల్లలం బొమ్మల మావ అనేవాళ్ళం. ఆయనకి ఇంకో పని కూడా వచ్చు. పోయినవాళ్ళ ముఖం ఇంట్లోవాళ్ళని అడిగి అడిగి వేసేవాడు. అందుకని పెళ్ళిళ్ళకి ఎవరూ పిలిచేవారు కాదు. ఆయన ఒకరి గడపలో అడుగు పెడితే, ఎవరో పోయారని ఊరికి తెలిసిపోయేది.

మా అమ్మ బొమ్మకోసం ఆయన వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళుంటాయేమో. నన్ను పెంచిన మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, చట్రానికని విరిగిన నులకమంచం పట్టెలు కోయించి ఇచ్చింది. అమ్మ చెల్లెలు, మా పిన్ని, కబురంది వచ్చింది. ఇద్దరూ చెరోపక్క కూర్చుని చెప్పడం మొదలెట్టారు. మామ్మ చామనఛాయ అంటే పిన్ని మా అక్క పసుపుముద్ద అంది. ఒకరు కోలముఖం, ఒకరు గుండ్రం. బొమ్మల మావ బొగ్గుముక్క కింద పెట్టేసి, "నీకు ఇద్దరు కోడళ్ళేటి మామ్మా?" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు ఇద్దరూ నవ్వేశారు. ఆఖరికి పిన్నిని కూర్చోబెట్టి ముక్కూ నుదురూ తీసుకున్నాడు, నన్ను పిలిచి గడ్డం చూసుకున్నాడు.

మా నాన్న అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన మాటల మనిషి కాదు. నువ్వేటి సెప్తావు బావా అని మావ అడిగితే, నేలకేసి చూస్తూ అన్నాడు.

"ముక్కూ మొకం నాకు సెప్పడం రాదు. నాను పొలం నుంచి వస్తే గుమ్మంకేసి సూసీది. అలగ సూస్తే సాలు."

బొమ్మ వచ్చాక మామ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. గుమ్మానికి ఎదురు గోడమీద నాన్న మేకు కొట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వింతగా చూడడానికి వచ్చారు. ఆ కళ్ళు ఎటు నిలబడితే అటే చూసేవి. ఒకావిడ గాదె వైపు జరిగి, "ఇటొచ్చినా సూస్తందే!" అనేది. ఇంకొకావిడ వంటింటి గుమ్మంలోంచి, "నన్నూ సూస్తందే!" అనేది. పక్కింటి అత్త బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, తలెత్తకుండా నవ్వుతూ అంది.

"సూడదేటి మరి? పుట్టగానే తన్ని మింగీసిన గుంటని ఎతుక్కోదేటి?"

ఆ గుంటని నేనే. అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్విందేమో, నాకు గుర్తులేదు. నాకు మాత్రం ఆరోజు నుంచి బొమ్మలో కళ్ళు మారిపోయాయి.

పెరట్లోంచి చుట్టు తిరిగి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. పశువుల పాకలో కూర్చుని తినేదాన్ని. వానలు పట్టాక మామ్మ ఊరుకోలేదు, లోపలికి లాక్కొచ్చి నడిమింట్లో కూర్చోబెట్టేది. కంచం ముందు తల వంచుకున్నా నడినెత్తి మీద ఆ చూపు తెలిసేది. చోడంబలి కూడా గొంతు దిగేది కాదు. "మింగవే" అని మామ్మ అరిచేది. ఆ మాట వింటే ఇంకా బిగుసుకుపోయేదాన్ని. ఒకసారి గోనెపట్టా తెచ్చి బొమ్మమీద కప్పితే వీపు చీరేసింది. గోనె కింద నుంచి కూడా చూస్తోందని ఆవిడకి ఎలా చెప్పను?

ఒళ్ళు పుల్లైపోయింది. మామ్మ తాయెత్తు కట్టించింది. జ్వరమంటూ లేదు, తిండి లేదంతే. ఒకరోజు మామ్మ నాన్నని నిలబెట్టి అడిగేసింది.

"తీసీరా దాన్ని, అటకమీద పడీరా. సచ్చినదానికోసం బతికున్నదాన్ని సంపుకుంటావేటి?"

మేకు దాకా నాన్న చెయ్యి వెళ్ళింది, ఆగిపోయింది. ఆయన దగ్గర అమ్మదంటూ ఉన్నది ఆ ఒక్కటే. నేను తినాలంటే అది పోవాలి. అది ఉండాలంటే నేను పోయేలా ఉన్నాను. తెల్లారి ఆమదాలవలస వెళ్ళి బొమ్మల మావని వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన బొమ్మకేసి వెళ్ళలేదు. నా పక్కన చతికిలబడ్డాడు.

"ఏటే గుంటా, మీ అమ్మ ఏటంతంది?"

"ఎందుకు పుట్టినావంతంది."

మామ్మ నోరు నొక్కుకుంది. మావ నవ్వలేదు. అలాంటిదేం లేదమ్మా అని కూడా అనలేదు.

"ఏ మూల నిలబడితే సూడదు?" అని అడిగాడు. ఏ మూలైనా చూస్తుందన్నాను. నన్ను ముందు నడవమని, నా వెనకాలే ఇల్లంతా తిరిగాడు. నా ఎత్తుకి మోకాళ్ళు వంచుకుని ప్రతిచోట నుంచీ చూశాడు. "నిజమే. అంతటా సూస్తంది. నువ్వు అబద్ధం ఆడట్నేదు" అన్నాడు. అన్ని నెలల్లో నా మాట నిజమన్న మనిషి ఆయనొక్కడే. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

బొగ్గుతో నేలమీద రెండు కళ్ళు గీశాడు. నల్లగుడ్డు నడుమ పెట్టాడు, అవి నన్ను చూశాయి. చేత్తో తుడిచి పక్కకి పెట్టాడు, అవి నన్ను వదిలేశాయి.

"సూసినావా? నడుమ పెట్టింది నాను, మీ అమ్మ కాదు. మీ నాన్న అడిగినాడు, పెట్టినాను. ఇప్పుడు నువ్వు సెప్పు, ఎటు తిప్పీమంతావు?"

నేను ఎప్పుడూ వెళ్ళని చోటు వెతుక్కున్నాను. గాదె పక్కన బస్తాలు పేర్చిన మూల చూపించాను.

మావ కుంచె తీశాడు కానీ రంగులో ముంచలేదు. వెనక్కి తిరిగి మా నాన్నతో అన్నాడు. "ఒక్కసారే బావా. మళ్ళీమళ్ళీ కెలికితే కన్ను పాడయిపోద్ది. ఇంక నువ్వొచ్చినా గుమ్మంకేసి సూడదు మరి."

నాన్న బొమ్మకేసి చూశాడు. చూసి, చూసి, "పిల్ల తింటే సాలు. తిప్పీ" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. రంగు ఆరేదాకా లోపలికి రాలేదు.

నువ్వుగింజంత జరిపాడేమో మావ, అంతే. అమ్మ నన్ను వదిలేసింది. ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తిన్నానని మామ్మ చచ్చేదాకా చెప్పుకునేది. నడిమింట్లో గెంతేదాన్ని, బొమ్మ కిందే బొంత పరుచుకునేదాన్ని. నాన్న మాత్రం పొలం నుంచి వచ్చి, గుమ్మంలో అలవాటుగా ఒక్క క్షణం ఆగేవాడు. తలెత్తేవాడు. ఆ తరవాత కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేవాడు.

కోతలప్పుడు ఒక మధ్యాహ్నం నీళ్ళ చెంబు పట్టుకుని లోపలికి వచ్చాను. పీట దగ్గర నాన్న లేడు. గాదె పక్క మూలలో, బస్తాల మధ్య మోకాళ్ళు ముడుచుకుని, కంచం చేత్తో పట్టుకుని అంబలి తాగుతున్నాడు. చోటు చాలక భుజం గోడకి రాసుకుంటోంది. బొమ్మకేసి చూస్తున్నాడు. నన్ను చూసి సిగ్గుపడలేదు. బస్తాని కాలితో కొంచెం నెట్టాడు. నేను వెళ్ళి ఆ సందులో కూర్చున్నాను.

అక్కణ్ణించి చూశాను. అమ్మ ముఖంలో కోపం లేదు. మరి ఇన్నాళ్ళూ నాకు కనిపించిన కోపం ఎక్కణ్ణించి వచ్చిందో. కానీ చూపు మామీద లేదు. ఇంకా అవతలకి, మా భుజాలు దాటి పోతోంది. కొంచెం ఇటు జరిగాను, మెడ అటు వంచాను. ఎంత జరిగినా ఆవిడ కన్ను మాకు తగల్లేదు.

"అందదులే" అన్నాడు నాన్న. "నాను సూసినాను. తిను."

తన కంచంలోది నాకు పెట్టాడు. ఆయనకి అందదని ముందే తెలుసు. తెలిసీ రోజూ అక్కడే కూర్చుని తిన్నాడు, ఆఖరిదాకా. మా ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నేను అమ్మ కంటే ఎంతో పెద్దదాన్ని. ఆవిడ నా మనవరాలి వయసు దగ్గరే ఆగిపోయింది. నా చూపు కటువని మా ఇంట్లో అందరూ అంటారు, నిజమే. మెతుకు పారేస్తే ఊరుకోను. కానీ పిల్లలు కంచం ముందు కూర్చున్నాక వాళ్ళకేసి చూడను. పక్కకి, కిటికీ వైపో నీళ్ళకుండ వైపో చూస్తూ కూర్చుంటాను. బెదరకుండా తింటారు. ఒక్కొక్కరోజు వాళ్ళలో ఎవరో ఒకరు కంచం నేలమీద ఈడ్చుకుంటూ నేను చూస్తున్న వైపుకి జరుగుతారు. నేనింకా బతికే ఉన్నాను కదా. అప్పుడు వాళ్ళకేసి చూస్తాను.